స్వామికి వేసిన గుడారం

గడ్డి పరుపు మీద పడుకున్న రాములవారికి నమస్కారం. మేడలు వదిలి వచ్చి, ఏటి ఒడ్డున చెట్టు కింద నేలనే పడకగా చేసుకుని, తమ్ముడు మేలుకొని కాపలా ఉండగా నిద్రపోయిన ఆ స్వామికి స్తోత్రం. ఇల్లున్నవాళ్ళకు ఇంట్లోనూ, దారిన పోయేవాళ్ళకు ఆరుబయటా తోడుండేది ఆయనే. ఏది రాయబోయినా, ఏది చెప్పబోయినా ముందు ఆయనను తలుచుకోవాలని మా నాయిన నేర్పాడు. అలా తలుచుకున్నాకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మొన్న ఏకాదశి నాడు మీర్‌పేట్‌లో మా సత్సంగం ముగించుకొని ఇంటికి వచ్చేసరికి హాలు నిండా నారింజ రంగు గుడారం లేచి ఉంది. సోఫాను గోడకు జరిపేశారు. టీపాయ్ వంటింట్లోకి వెళ్ళిపోయింది. గుడారం లోపల మా తమ్ముడి కూతురు శ్రావణి కాళ్ళు ముడుచుకొని కూర్చొని ఉంది. అల్మాస్‌గూడలోని వాళ్ళ ఇంట్లో అంత పెద్ద హాలు లేదు కాబట్టి, మా ఇంటి తాళం చెవి ఒకటి ఆమె దగ్గర కూడా ఉంటుంది కాబట్టి, ఈ పని ఇక్కడ పెట్టుకుంది.

"గిదేంది బిడ్డా, ఇంట్ల పందిరేసినవ్?" అన్నాను.

"పందిరి కాదు అత్తమ్మా, రెండు నెల్ల దాంక నా ఇల్లు. జర లోపటికొచ్చి చూడు," అంది.

శ్రావణి ఆఫీసులో పనిచేసే స్నేహితురాలితో కలిసి ఎల్‌బీ నగర్ నుంచి కన్యాకుమారి దాకా సైకిల్ మీద పోవాలనుకుంటోంది. వెనక కారు రాదు, ముందు హోటల్ గదులు మాట్లాడిపెట్టేవాళ్ళు ఉండరు. పడక, పొయ్యి, బియ్యం, బట్టలు, పంక్చర్ సామాను అన్నీ సైకిల్‌కు రెండు పక్కలా తగిలించిన సంచుల్లోనే పోవాలి. పొద్దుగూకేసరికి ఎక్కడ ఒప్పుకుంటే అక్కడ, బడి ఆవరణలోనో గుడి పక్కనో పెట్రోలు బంకు వెనకో గుడారం వేసుకొని పడుకోవాలి. తండ్రిని, అంటే మా తమ్ముణ్ణి, అడిగితే వాడు తెలివిగా, "మీ అత్త సరే అంటే పో. అత్త ఒద్దంటే ఇంకో ముచ్చట లేదు," అన్నాడట. వాడి ధైర్యం ఏమిటో నాకు తెలుసు. నేను సరే అనను అని వాడి నమ్మకం. ఎందుకంటే మా నాయినకు ఉన్న ఆయాసం ఒక తరం దాటి వచ్చి ఈ పిల్లకు పట్టుకుంది. చిన్నప్పుడు మబ్బు పడితే చాలు, దాని రొమ్ములో ఈల మొదలయ్యేది. దాన్ని భుజాన వేసుకొని నిటారుగా పట్టుకొని నేను తిరిగిన రోజులు తక్కువేమీ కాదు. ఇప్పుడు గొంతులోకి కొట్టుకునే మందు పంపు వచ్చింది కాబట్టి అందరం మర్చిపోయినట్టు ఉంటున్నాం గానీ, నేను మర్చిపోలేదు.

మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ గుడారంలోకి దూరాను. లోపల కొత్త ప్లాస్టిక్ వాసన. రెండు పడక సంచులు పరిచి ఉన్నాయి. ఒకదాంట్లో పక్షి ఈకలు నింపారట, చేతిలో పట్టుకుంటే బరువే లేదు. ఇంకోదాంట్లో దూదిలాంటి నైలాన్ పోగులు, అది కొంచెం బరువు. దుకాణం వాళ్ళు చూసుకొని ఒకటి వాపస్ ఇమ్మన్నారట. "నువ్వు చెప్పు, ఏది ఉంచుకోవాలె?" అంది. ఏది ఉంచుకోవాలో కాదు, పోవాలో వద్దో అడుగుతోందని నాకు తెలుసు. "జర ఆగు బిడ్డా, ఆలోచన చేస్కోనియ్యి," అని అక్కడే వెనక్కి ఒరిగాను. తల మీద బిగుతుగా సాగిన ఆ గుడ్డను చూస్తుంటే మైనం వాసన, డీజిల్ వాసన కలిసిన ఇంకో గుడ్డ గుర్తుకొచ్చింది. అది లారీ మీద కప్పే టార్పాలిన్. మా నాయిన తన జన్మలో చేసిన ఒకే ఒక్క సైకిల్ యాత్రకు మా వాళ్ళు ఎంపిక చేసిన సామానులో ఒకటి.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్ద రోడ్డు వెనక సందులో రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. మెట్రో స్తంభాలు లేవు, కోచింగ్ సెంటర్ల బోర్డులు లేవు. మూడు కాపురాలకు వాకిట్లో ఒకటే నల్లా. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చిన మా నాయిన లక్ష్మయ్య, విజయవాడ రోడ్డు మీద ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా. రోజంతా గోనెసంచుల దుమ్ములో పని. ముక్కుకూ నోటికీ తడి తువ్వాలు కట్టుకొని పనిచేసేవాడు. ఇంటికి రాగానే అమ్మ ఆయనను వాకిట్లోనే ఆపి, చొక్కా విప్పించి, నల్లా కింద తల కడిగించి గానీ లోపలికి రానిచ్చేది కాదు. మా ఇంటి కిటికీకి ఎప్పుడూ తడి చీర ముక్క వేలాడేది. సాంబ్రాణి మా ఇంట్లో నిషిద్ధం. దేవుడికి కర్పూరం కూడా వాకిట్లో వెలిగించి తెచ్చి చూపించి మళ్ళీ బయటికి తీసుకుపోయేవాళ్ళం. మా ఇంటి వాసనలంటే నాకు నీలగిరి తైలం, అల్లం వేసిన డికాషన్, కిరసనాయిలు పొయ్యి. నాయిన వెల్లకిలా పడుకోలేడు. గోడకు రెండు దిండ్లు ఆనించి, వాటికి వీపు ఆనించి, సగం కూర్చొని నిద్రపోయేవాడు. ఆయన ఊపిరి సమంగా ఉన్నంతసేపు అమ్మ నిద్రపోయేది. కొంచెం తేడా వస్తే, ఎవరూ లేపకుండానే లేచి కూర్చునేది.

ఆ ఇంటికి శనివారం వచ్చిందంటే కళ వచ్చేది. మా సందు భజన మండలికి మూలస్తంభం సుబ్బారావు మాస్టారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే బడిపంతులుగా స్థిరపడ్డ మనిషి. హార్మోనియం వాయిస్తూ, మధ్యలో ఆపి పురాణం చదివి అర్థం చెప్పేవారు. నాకు అక్షరాలతో పాటు ఆ కథలన్నీ అక్కడే వచ్చాయి. తాళాలు వాయించేది సైకిల్ షాపు యాదగిరి. నాయినను అన్నా అనీ, అమ్మను వదినా అనీ పిలిచేవాడు. మాస్టారు ఎంత గంభీరమో యాదగిరి అంత పరాచికం. నాయిన గొంతు ఎత్తలేడు కాబట్టి చప్పట్లు కొట్టేవాడు. కొడుతూ కళ్ళు మూసుకునేవాడు. ఆ మొహం చూస్తే, పాడేవాళ్ళందరి కంటే ఎక్కువ పాడుతున్నాడనిపించేది.

ఒక చలికాలం నాకు విషజ్వరం వచ్చింది. దవాఖానలో చాలా రోజులు ఉన్నాను. నేను లేచి కూర్చొని గంజి అడిగిన రోజున తెలిసింది, నాయిన భద్రాచలం రాముడికి మొక్కుకున్నాడని. సైకిల్ తొక్కుకుంటూ వస్తాను, దారిలో ఎవరి గడపా తొక్కను, ఎవరి చేతి అన్నమూ తినను, నా బిడ్డ బరువు నువ్వు మోశావు కాబట్టి నా బరువు నేనే మోసుకొస్తాను అని.

అమ్మ తల పట్టుకుంది. "మొక్కినవ్ సరే. సైకిల్ మీదనే ఎందుకు మొక్కినవయ్యా? బస్సుల వస్తనంటె దేవుడు ఒద్దన్నడా?"

"నోట్లకెల్లి అట్లనే వచ్చింది," అన్నాడు నాయిన.

"వచ్చేటప్పుడు నీ రొమ్మును అడిగినవా?"

నాయిన నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చేది, కాబట్టి కొంచెమే నవ్వాడు. మొక్కు వెనక్కి తీసుకునేది కాదని అమ్మకూ తెలుసు. మాస్టారూ యాదగిరీ తోడు వస్తామన్నారు. శ్రీరామనవమి కల్యాణానికి చేరాలని నిర్ణయమైంది. ఇక మిగిలింది ఏం తీసుకుపోవాలి అన్న ప్రశ్న. ఆ ప్రశ్న చుట్టూ మా సందంతా కొన్ని వారాలు తిరిగింది.

అమ్మ పట్టించుకున్నది ఒక్క పడకనే. నాయనమ్మ ఊరి నుంచి నల్లటి గొంగడి పంపింది. వానకు తడవదు, తల మీదుగా కప్పుకుంటే అదే గుడారం అని కబురు. కానీ ఆ ఉన్ని వాసన తగలగానే నాయినకు ఈల మొదలైంది. గొంగడి అదే చేతులతో వెనక్కి పోయింది. అప్పుడు అమ్మ తన పాత నూలు చీరలు నాలుగైదు నీళ్ళలో జాడించి, దుమ్ము పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరేసి, దూది పెట్టకుండా పొరలు పొరలుగా బొంత కుట్టింది. కుడుతూ మధ్యమధ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని పీల్చి చూసేది. తనకు తుమ్ము వస్తే విప్పి మళ్ళీ ఉతికేది.

మిగతా సామానంతా మాస్టారు చేతిలో ఉంది. ఆయన పద్ధతి ప్రకారం మండలి ఎక్కడికి కదిలినా ముందు స్వామి కదలాలి. అందుకని ముందు స్వామి సామాను ఎంపికైంది. అద్దం బిగించిన టేకు చట్రంలో సీతారాముల పటం, దానికి పీట. యాత్ర పూర్తయ్యేదాకా కొండెక్కకూడని దీపం. దానికి గాజు బుడ్డి, నూనె డబ్బా, వత్తులు. పళ్ళెం, గంట. పురాణం. హార్మోనియం దాని పెట్టెతో సహా. మజిలీలో స్వామికి మండపం వెయ్యాలి కాబట్టి నాలుగు కర్రలు, టార్పాలిన్. నాయిన తన ఆఫీసులో అడిగి, చిరిగిన లారీ టార్పాలిన్‌లో బాగున్న ముక్క కోయించి తెచ్చాడు. అది అంతకుముందు ఏ సరుకు మీద కప్పారో తెలియదని, దాని మీద పసుపు నీళ్ళు చల్లి మూడు రోజులు ఎండబెట్టి శుద్ధి చేశారు. మొక్కు నాయినది కాబట్టి పటం, పీట, టార్పాలిన్ నాయిన సైకిల్ మీదికే వచ్చాయి. అమ్మ కుట్టిన బొంతను వాటి కింద నలిపి కట్టారు.

యాదగిరి క్యారియర్ బిగిస్తూ, "సారూ, స్వామికి ఒక పంఖా గూడ పెడుదమా? ఎండకాలం గద," అన్నాడు.

"వేళాకోళం వద్దు యాదగిరీ. మనకోసం వెళ్తున్నామా, ఆయన కోసం వెళ్తున్నామా?" అన్నారు మాస్టారు.

మనుషులు ఎక్కడ పడుకుంటారు అని ఎవరూ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. భక్తి తక్కువై కాదు, అందరికీ అది ఎక్కువగానే ఉంది.

ప్రయాణానికి మాస్టారు పెట్టిన ముహూర్తం నాటికి నాయినకు సెలవు దొరకలేదు. ఇలాంటప్పుడు మన ఇళ్ళల్లో ప్రస్థానం పెడతారు. బయలుదేరే మంచి గడియలో మూట పట్టుకొని ఇల్లు దాటి, దాన్ని ఇంకొకరి ఇంట్లో ఉంచి వస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క. వీలైనప్పుడు అక్కడి నుంచి పోవచ్చు. కానీ నాయిన మొక్కులో ఇంకొకరి గడప తొక్కనని ఉంది. అందుకని ముగ్గురూ సామానంతా కట్టుకొని ముహూర్తానికి బయలుదేరి, ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక అప్పట్లో ఖాళీగా ఉన్న ప్లాట్లలో దిగి, సాయంత్రం స్వామికి మండపం వేసి పూజ చేసుకొని, రాత్రికి తిరిగి రావాలనుకున్నారు. హారతి వేళకు అమ్మా నేనూ సిటీ బస్సు ఎక్కి అక్కడికి వెళ్ళాం.

మేము బస్సు దిగేసరికే పడమర నల్లబడింది. ఎండాకాలం మొదట్లో వచ్చే వాన అది, ముందు దుమ్ము లేపి తర్వాత దిగుతుంది. మేము ప్లాటు చేరేసరికి చినుకులు లావయ్యాయి. నాలుగు కర్రల మీద టార్పాలిన్ చక్కగా నిలబడి ఉంది. దాని కింద పీట మీద సీతారాములు, ముందు దీపం, పక్కన హార్మోనియం, పురాణం. అన్నీ పొడిగా ఉన్నాయి. ముగ్గురు మనుషులూ బయట వానలో ఉన్నారు, మాస్టారూ యాదగిరీ నామం పాడుతున్నారు. స్వామి కొలువైన చోట కాళ్ళు చాపకూడదు, తినకూడదు, పడుకోకూడదు అని మండలి నియమం. అందుకని లోపలికి ఎవరూ పోలేదు. నాయిన అంచున మోకాళ్ళ మీద కూర్చొని, గాలికి దీపం ఆరకుండా రెండు చేతులూ గాజు బుడ్డి చుట్టూ పెట్టి ఉన్నాడు. వీపు మొత్తం తడిసిపోయింది. నామం పాడటం లేదు. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. ఆ ఈల వాన చప్పుడులో కూడా నాకు వినిపించింది.

అమ్మ చేతిలోని హారతి పళ్ళెం నాకిచ్చి నేరుగా మాస్టారు ముందుకు పోయి నిలబడింది. అంతవరకు ఆమె ఆయన ముఖం చూసి మాట్లాడగా నేను చూడలేదు.

"సారూ, ఈనను లోపటికి రమ్మనుండ్రి."

"అమ్మా, స్వామి ఉన్నారు. అపచారం అవుతుందేమోనని..." అన్నారు మాస్టారు. ఆయన కూడా వణుకుతున్నారు.

"పటం తడిస్తె అద్దం తుడుస్తం సారూ. గీ మనిషి తడిస్తె ఏం తుడుస్తం?"

మాస్టారు నాయిన వైపు చూశారు. నాయిన మాట్లాడలేక, పర్వాలేదన్నట్టు ఒక చెయ్యి ఊపాడు. ఆ ఊపడం చూశాక మాస్టారు లేచారు. తన ఉత్తరీయం తీసి పటానికి చుట్టి, దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకున్నారు. పీటను పక్కకు తోశారు.

"లక్ష్మయ్యా, లోపలికి రా. కాళ్ళు చాపుకో. అపచారం ఏదైనా ఉంటే నాకు తగలనీ," అన్నారు. తర్వాత పటం మీద ఉత్తరీయం సర్దుతూ, "ఊరంతా వానలో చిక్కుకుంటే స్వామి కొండ ఎత్తి వాళ్ళ నెత్తిన పట్టాడని పోయిన శనివారమే చదివాను. చదివిందీ నేనే. ఇవాళ గుడ్డ తెచ్చి ఆయన నెత్తిన కట్టి, మిమ్మల్ని వానలో కూర్చోబెట్టిందీ నేనే," అన్నారు.

అందరం టార్పాలిన్ కిందికి దూరాం. నాయినకు వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. యాదగిరి హార్మోనియం పెట్టెను వీపు వెనక పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. అమ్మ కొంగు ముడి విప్పి నీలగిరి తైలం సీసా తీసి రొమ్ముకూ వీపుకూ రాసింది. అది ఎప్పుడూ ఆమె దగ్గరే ఉండేది. మేమంతా ఆయన ఊపిరినే వింటూ కూర్చున్నాం. నేను లోపల రామా రామా అనుకుంటూనే ఉన్నాను. నా కోసం మొక్కిన మొక్కు ఆయన ప్రాణం మీదికి తేవద్దని అడిగాను. పిల్లలు అడిగినట్టు కాక, పోట్లాడినట్టు అడిగాను. మెల్లగా ఈల సన్నబడింది. వాన కూడా పలచబడింది. చాలాసేపటికి నాయిన, "మంచిగున్న. జర ఊపిరాడుతున్నది," అన్నాడు.

అప్పుడు యాదగిరి మెల్లిగా, "సారూ, దీపం కొండెక్కింది," అన్నాడు. ఎప్పుడు ఆరిందో ఎవరూ చూడలేదు.

మాస్టారు పటాన్ని ఇంకా రొమ్ముకు ఆనించుకునే ఉన్నారు. "వెలిగిద్దాంలే. అగ్గిపెట్టె ఉందిగా," అన్నారు.

మరునాడు యాదగిరి షాపు ముందు సామానంతా కుప్పపోశారు. అమ్మ అరుగు మీద కూర్చుంది. మొక్కు మానెయ్యమంటుందేమో అని నేను భయపడ్డాను. మానెయ్యమంటుందేమో అని ఆశ కూడా పడ్డాను. ఆమె, "పోనిస్త. కాని సామాను నేను చెప్పినట్టు కట్టాలె," అంది. ఆ రోజు ఆమె ముందు పెట్టింది నాయిన మందుబిళ్ళలు. తర్వాత పొడిగా ఉండేటట్టు ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన బొంత. తర్వాత టార్పాలిన్, ఈసారి ముగ్గురు పడుకునేంత వెడల్పు ఉన్నది. ఆ తర్వాత బియ్యం, పప్పు, పొయ్యి. స్వామి సామానులో టేకు పటం ఇంట్లోనే ఉండిపోయింది. దాని బదులు జేబులో పట్టే చిన్న పటం. ఆగిన చోటల్లా వెలిగించి, పడుకునే ముందు శాంతింపజేసే ప్రమిద.

హార్మోనియం దగ్గర అమ్మ ఆగింది. అది మాస్టారు ప్రాణం అని ఆమెకు తెలుసు. మాస్టారే పెట్టె మూత తీసి, వాయిద్యాన్ని పైకెత్తి యాదగిరి చేతికిచ్చారు. "ఇది ఉండనీ. పెట్టె మాత్రం రానీ. పగలు బియ్యం డబ్బాలు పడతాయి. రాత్రికి లక్ష్మయ్య వీపుకు ఆనుతుంది," అన్నారు.

"సారూ, మరి సంగీతం?" అన్నాడు యాదగిరి.

"నీ తాళాలున్నాయిగా. నీ గొంతు వినక తప్పదు, అది కూడా తపస్సే అనుకుంటాం," అన్నారు మాస్టారు. ఆయన పరాచికం ఆడగా వినడం అదే మొదలు.

సెలవు దొరికిన రోజు ముగ్గురూ తెల్లవారకముందే బయలుదేరారు. నాయిన సైకిల్ మీద బొంత, మందులు తప్ప ఏమీ లేవు. ఆ తర్వాత మా ఇంట్లో పగళ్ళు ఎంత పొడుగ్గా ఉండేవో చెప్పలేను. ఫోన్లు లేని రోజులు. ఖమ్మం వైపు నుంచి తిరిగొచ్చే లారీ డ్రైవర్లు నాయిన ఆఫీసులో చెప్పిపోయే మాటలే మాకు కబుర్లు. అమ్మ సాయంత్రం నన్ను వెంటబెట్టుకొని అక్కడిదాకా నడిచి పోయి నిలబడేది. "అక్కా, నకిరేకల్ దాటిండ్రు. చింతచెట్టు కింద వండుకుంటున్నరు." "సూర్యాపేట కాడ చూసిన. అన్న ముందల ఉన్నడు, తాళాలాయన ఎన్కబడ్డడు." ప్రతిసారీ అమ్మ ఒకటే అడిగేది, మొహం ఎట్లుంది అని. "మంచిగనే ఉన్నడక్కా, ఎండకు నల్లబడ్డడు" అంటే చాలు, ఆ రాత్రి అన్నం తినేది. కొత్తగూడెం దాటాక కబుర్లు ఆగిపోయాయి. కబురు లేని ఆ రోజులన్నీ అమ్మ తడి చీర ముక్క కిటికీకి కట్టడం మానలేదు, ఊపిరి అవసరమైన మనిషి ఇంట్లో ఉన్నట్టే.

ఒక మధ్యాహ్నం సందు మొదట్లో సైకిల్ గంట వినపడింది. నాయిన సన్నబడ్డాడు. పెదవులు పగిలాయి. తలంబ్రాల బియ్యం ఒక పొట్లంలో కట్టి తెచ్చాడు. వాకిట్లో దిగి, నల్లా కింద తల కడుక్కొని, లోపలికి వచ్చి, గోడకు ఆనుకొని, పెద్దగా ఊపిరి పీల్చి వదిలాడు. అందులో ఈల లేదు. అమ్మ ఆ ఒక్క ఊపిరి విని వంటింట్లోకి పోయింది. అక్కడ తలుపు చాటున కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నేను ఆమెను చూసి ఏడ్చాను. అది దుఃఖం కాదని చాలా ఏళ్ళకు గానీ నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఆ ప్రయాణం తర్వాత కూడా నాయినకు ఆయాసం ఉంది. రాములవారు దాన్ని తీసెయ్యలేదు. చాలామంది నన్ను సత్సంగంలో అడుగుతారు, మరి మొక్కు ఫలం ఏమిటని. ఆ ఆయాసంతో పాటే నాయిన ఇంకా ఎన్నో ఏళ్ళు మాతో ఉన్నాడు, నా పెళ్ళి చేశాడు, తమ్ముడి పెళ్ళి చేశాడు. అంతకంటే ఏం కావాలి? దేవుడు మనుషుల్ని వానలో కూర్చోబెట్టి తాను పొడిగా ఉండేవాడు కాదని మా మండలి ఆ సాయంత్రం తెలుసుకుంది. ఆ తర్వాత మాస్టారు పురాణం చెప్పే తీరు కూడా మారింది. చదవడం మొదలుపెట్టే ముందు వెనక కూర్చున్నవాళ్ళకు చాప అందిందా, నీళ్ళు అందాయా అని అడిగేవారు.

ఇదంతా గుడారంలో పడుకొని శ్రావణికి చెప్పాను. అప్పటి సామానుకూ ఇప్పటి సామానుకూ పోలికే లేదు. మా నాయిన టార్పాలిన్ ఒక్కటే ఈ మొత్తం గుడారానికి నాలుగింతల బరువు ఉండేది. మా అమ్మ లారీ డ్రైవర్ల మాటలు విని తెలుసుకున్నది, ఇప్పుడు ఫోన్‌లో చుక్కగా కదులుతూ కనిపిస్తుందట. రోడ్లు వెడల్పయ్యాయి గానీ ఆ రోడ్ల మీద లారీలు ఎంత వేగంగా పోతాయో తలుచుకుంటే, నాయిన రోజులే నయమనిపిస్తుంది. చింతచెట్ల నీడ పోయింది. ఆగి పలకరించే డ్రైవర్లు కూడా ఇంత వేగంలో ఆగలేరు. ఏది మెరుగో నేను తేల్చలేను.

"ఈకల సంచి వాపస్ ఇచ్చెయ్," అన్నాను.

"అది మొన్ననే తెలిసింది అత్తమ్మా. మూడు మధ్యాహ్నాలు అందులనే పడుకొని చూసిన, ముక్కు కారుడే కారుడు. నువ్వేమంటవో అని ఉంచిన," అని నవ్వింది. తర్వాత పక్కనున్న సంచి తెరిచి చూపించింది. అన్నిటికంటే పైన, చెయ్యి పెడితే తగిలే చోట, మందు పంపు. హ్యాండిల్ సంచిలో ఇంకోటి. మూడోది స్నేహితురాలి దగ్గర, ఎలా వాడాలో ఆ అమ్మాయికి నేర్పిందట. గుడారానికి రెండు పక్కలా గాలి ఆడే జాలీ ఉన్నదే కొన్నది. డాక్టరును కలిసి, ఏ పరిస్థితిలో ప్రయాణం ఆపెయ్యాలో రాయించుకుంది. తల వైపు ఎత్తు కోసం గాలి ఊదుకునే దిండు, తానూ తాతలాగే సగం కూర్చొని పడుకునేటట్టు.

నేను అడగాలనుకున్నవన్నీ ఆమె ముందే సర్దుకొని ఉంది. మా అమ్మ ఒక వాన తర్వాత చేసిన పని ఈ పిల్ల వాన రాకముందే చేసింది. ఎన్ని రోజులుగా పట్టుకున్న భయమో, నా భుజాల మీది నుంచి దిగిపోవడం నాకు తెలిసింది. ఊరికే కళ్ళు తుడుచుకున్నాను.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏంలే. మీ నాయినకు ఫోన్ చెయ్యి. అత్త సరే అన్నదని చెప్పు."

అది నన్ను పట్టుకొని ఊపేసరికి గుడారం మొత్తం మా మీద కూలింది. ఇద్దరం అందులో చిక్కుకొని చాలాసేపు నవ్వాం. బయటికి వచ్చాక అది కొంచెం బెరుకుగా, "దేవుని పటం ఒకటి పెట్టుకోనా? నీకు సంతోషం అంటెనే," అంది.

"బరువెందుకు బిడ్డా? నోట్ల నామం ఉంటె చాలు. అందుకు సంచి అక్కర్లే," అన్నాను.

శ్రావణి, దాని స్నేహితురాలు బయలుదేరి వారం దాటింది. కర్నూలు దాటారు, అనంతపురం దాటారు. పొద్దుగూకగానే నా ఫోన్‌కు ఒక మాట వస్తుంది. నిన్నటి మాట ఇది: "అత్తమ్మా, వాన పడ్డది. లోపల ఒక్క చుక్క రాలే. ఊపిరి మంచిగున్నది." దాన్ని మా సత్సంగంలో అందరికీ చదివి వినిపించాను. అందరూ గోవిందా అన్నారు.

ఇది చదువుతున్నవాళ్ళను నేను అడిగేది ఒక్కటే. ఈ పేజీ పక్కన పెట్టే ముందు, మీ ఇష్టదైవం పేరు ఏదైనా సరే, నాతో పాటు ఒక్కసారి తలుచుకోండి. దక్షిణం వైపు రోడ్డు పక్కన గుడారం వేసుకుంటున్న ఆ ఇద్దరు ఆడపిల్లల కోసం. ఈ వేళ ఏ ఇంట్లోనో గోడకు ఆనుకొని ఊపిరి కోసం కష్టపడుతున్న ప్రతి మనిషి కోసం, పక్కన మేలుకొని ఉన్నవాళ్ళ కోసం. స్వామీ, వాళ్ళ నెత్తిన నీ చెయ్యి ఉండనీ. తెల్లవారి లేచి వాళ్ళు మళ్ళీ సైకిల్ ఎక్కనీ.

రామ రామ.